బొయాకా వంతెన ఒక్కటే చూసి వచ్చేయకండి, పైపాలో మకాం పెట్టి దారంతా తిరగండి

కొలంబియా వెళ్ళే మనవాళ్ళు ఎక్కువగా కార్తహేనా బీచ్, మెదెయీన్, రాజధాని బొగోటాలో గోల్డ్ మ్యూజియం చూసి వచ్చేస్తారు, ఇంకొంచెం ఓపిక ఉన్నవాళ్ళు బొగోటా నుంచి ఒక్కరోజు టూర్ బుక్ చేసుకుని బొయాకా వంతెన దగ్గర దిగి ఫోటోలు తీసుకుని, అటునుంచి అటే విల్లా దె లేవా చూసి రాత్రికి వెనక్కి వచ్చేస్తారు. అలా వెళ్ళొచ్చిన వాళ్ళని మేం వెళ్ళేముందు అడిగితే "ఏముందండీ అక్కడ, చిన్న వంతెన, కింద వాగు, చుట్టూ గడ్డి" అన్నారు. వాళ్ళు చెప్పింది అబద్ధం కాదు, వంతెన నిజంగానే చిన్నది, పది అడుగులేస్తే అవతల ఉంటాం. కానీ 1819 ఆగస్టు 7న ఆ వాగు దగ్గర స్వతంత్ర పోరాట నాయకుడు బొలీవర్ సైన్యం మధ్యాహ్నం ఓ రెండు గంటల్లో తేల్చేసిన యుద్ధం వల్లే బొగోటా స్పెయిన్ చేతుల్లోంచి జారిపోయింది, ఆ రెండు గంటల వెనక రెండు నెలలకి పైగా నడక ఉంది, వరదల్లో, ఆ తర్వాత చలి కొండల్లో. ఆ నడిచిన దారి చూడకుండా వంతెన ఒక్కటీ చూస్తే ఏమీ అర్థం కాదు, దారి చూసి వస్తే మాత్రం అదే గడ్డి దగ్గర కాళ్ళు కదలవు. నా మాట ఒక్కటే, సైన్యం ఏ వరసలో వచ్చిందో మీరూ ఆ వరసలోనే చూడండి, బొగోటాలో కాకుండా ఆ దారికి దగ్గర్లో ఉన్న పైపా అనే ఊళ్ళో ఉండండి. ఎందుకో చెప్తాను.

మేం వెళ్ళింది నేను, మావారు, అత్తయ్యగారు. అత్తయ్యగారు శుద్ధ శాకాహారి, మోకాళ్ళ నొప్పులున్నాయి, కాబట్టి హోటళ్ళ గురించీ తిండి గురించీ నేను రాసేదంతా ఆవిడకి కుదిరిందా లేదా అన్న లెక్కలోనే ఉంటుంది, కుర్రాళ్ళు బ్యాక్‌ప్యాక్ వేసుకుని వెళ్ళేదానికి లెక్క వేరు. మేం అమెరికాలో ఉంటాం, ఇండియన్ పాస్‌పోర్టు మీద సరిపడా గడువున్న అమెరికా వీసా ఉంటే కొలంబియాకి విడిగా వీసా అక్కర్లేకుండా రానిస్తారు, ఐనా రూల్స్ మారుతుంటాయి కాబట్టి టికెట్ కొనేముందు కాన్సులేట్ సైట్ చూస్కోండి.

ముందు కథ కొంచెం చెప్పాలి, లేకపోతే నేను చెప్పే ఊళ్ళ పేర్లు గాలిలో ఉంటాయి. 1810లో అక్కడివాళ్ళు స్వతంత్రం ప్రకటించుకున్నారు, తర్వాత వాళ్ళలో వాళ్ళే కొట్టుకున్నారు, 1815లో స్పెయిన్ నుంచి జనరల్ మొరీయో పెద్ద సైన్యంతో వచ్చి 1816లో దేశాన్ని మళ్ళీ పట్టేసుకుని చదువుకున్నవాళ్ళని, లాయర్లని, నాయకుల్ని వరసపెట్టి కాల్చి చంపించాడు. బొలీవర్ అప్పుడు వెనెజుయెలా వైపు మైదానాల్లో ఉన్నాడు. 1819 మే నెలలో ఒక చిన్న పల్లెలో తన ఆఫీసర్లతో కూర్చుని, వానాకాలంలో ఎవరూ కదలరు కాబట్టి ఇప్పుడే కదలాలి, ఆండీస్ కొండలు దాటి బొగోటా మీద పడాలి అని తేల్చాడు. స్పెయిన్ వాళ్ళు ఆ వైపు నుంచి సైన్యం వస్తుందని కలలో కూడా అనుకోలేదు. కసనారే మైదానాల్లో రోజుల తరబడి నడుం లోతు నీళ్ళలో నడిచి, తామే అనే ఊళ్ళో తమ వైపు జనరల్ సంతాందేర్ సైన్యంతో కలిసి, అక్కణ్ణుంచి పిస్బా అనే కొండ మీదుగా ఎక్కారు, దాదాపు 4,000 మీటర్ల ఎత్తు. మైదానాల్లో గుర్రాల మీద, వేడిలో, ఒంటి మీద సగం బట్టతో బతికిన మనుషులు వాళ్ళు. ఆ చలికి చాలామంది దారిలోనే కూలబడి మళ్ళీ లేవలేదు, గుర్రాలు దాదాపు అన్నీ పోయాయి, తుపాకులు కూడా చాలా పారేసుకున్నారు. సైనికుల వెంట వాళ్ళ ఆడవాళ్ళు కూడా నడిచారు, ఆ కొండ మీదే ఒకావిడకి నొప్పులొచ్చి బిడ్డని కని, మర్నాడు పొద్దున్నే ఆ పసిగుడ్డుని ఎత్తుకుని మిగతావాళ్ళతో పాటు నడిచిందని బొలీవర్ దగ్గర పనిచేసిన ఐరిష్ ఆఫీసర్ ఒకాయన రాసి పెట్టాడు. ఇది చెప్పినప్పుడు అత్తయ్యగారు చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "ఆవిడ పేరేంటమ్మాయ్" అని అడిగారు. పేరు ఎవరూ రాయలేదు. ఆ ప్రయాణం మొత్తంలో నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే.

సరే ఇప్పుడు మకాం సంగతి. ఈ ప్రాంతంలో ఉండటానికి మూడు ఊళ్ళు, టుంహా, విల్లా దె లేవా, పైపా. మూడింట్లోనూ ఉన్నాం కాబట్టి పోల్చి చెప్పగలను.

టుంహా బొయాకా రాష్ట్రానికి రాజధాని, 2,800 మీటర్ల ఎత్తు, బొగోటా కంటే కూడా చల్లగా ఉంటుంది, వంతెనకి దగ్గర, 14 కిలోమీటర్లే. పాత ఊరి మధ్యలో హోటళ్ళు రేటు తక్కువ, బయటికి అడుగు పెడితే చర్చిలు, పాత ఇళ్ళు, పెద్ద చౌరస్తా. కానీ మేం దిగిన చోట రూమ్‌లో హీటర్ లేదు, బుకింగ్‌లో ఉందని రాశారు, అడిగితే ఇంకో దుప్పటి ఇచ్చారు, వేడినీళ్ళు కూడా షవర్‌కి తగిలించిన ఎలక్ట్రిక్ హెడ్‌తో వచ్చేవే, సన్నటి ధార. రిసెప్షన్‌లో అమ్మాయి మాత్రం చాలా మంచిది, అత్తయ్యగారి కోసం తన వంటింట్లోంచి వేడి వేడి అగ్వాపనేలా తెచ్చిచ్చింది, బెల్లం నీళ్ళు మరిగించి ఇస్తారు, యాలకులు మిరియాలు లేని వేడి పానకం అనుకోండి, అక్కడ చలికి అదే మందు. టుంహాలో ఊరంతా ఎత్తుపల్లాలు, ఒక వీధి ఎక్కడం ఒక వీధి దిగడం, మోకాళ్ళున్నవాళ్ళకి కష్టం. ఒక రాత్రికి మించి వద్దు అంటాను.

విల్లా దె లేవా అందం గురించి చెప్పక్కర్లేదు, 1572 నాటి ఊరు, తెల్ల గోడలు, పెంకుటిళ్ళు, ఊరి మధ్య రాళ్ళు పరిచిన పెద్ద మైదానం, ఫోటోలకి అంతకంటే మంచి చోటు ఉండదు. యుద్ధం కథతో కూడా లింకు ఉంది, స్వతంత్రం కోసం ఏళ్ళ తరబడి జైళ్ళలో మగ్గిన నరీన్యో చివరి రోజుల్లో ఇక్కడికొచ్చి 1823లో ఇక్కడే పోయాడు, ఆయన ఇల్లు మ్యూజియం చేశారు. కానీ శని ఆదివారాలు బొగోటా జనం మొత్తం అక్కడే ఉంటారు, రూమ్ రేట్లు రెట్టింపు, రాత్రి పాటలు ఆగవు. ఆ వీధుల్లో గుండ్రాళ్ళ మీద అత్తయ్యగారు నడవలేక ఒక అరుగు మీద కూర్చుండిపోయారు. వీక్‌డేస్‌లో ఐతే వెళ్ళండి, ఒక పూట చాలు, సైన్యం దారి చూడాలనుకునేవాళ్ళకి అది పక్కకి పోతుంది.

పైపా మాకు అన్నివిధాలా కుదిరింది. 2,500 మీటర్లు, టుంహా కంటే కొంచెం వెచ్చన, ఊరంతా చదును, పక్కనే సోచగోతా అని చెరువు, దాని చుట్టూ నడక దారి, ఊరి బయట వేడినీళ్ళ ఊటలు. ఊటల నీళ్ళు ఉప్పగా ఉంటాయి, పైప్ నుంచి వచ్చేటప్పుడు చెయ్యి పెట్టలేం, చల్లార్చి పూల్‌లోకి వదులుతారు. అత్తయ్యగారు పొద్దున ఒకసారి సాయంత్రం ఒకసారి కాళ్ళు పెట్టుకుని కూర్చున్నారు, తగ్గిందా లేదా నేను చెప్పలేను గానీ ఆవిడ మాత్రం "అమ్మాయ్, మళ్ళీ రేపు కూడా" అనేవారు. ఒక విషయం గుర్తుంచుకోండి, కొలంబియాలో చాలా పూల్స్‌లోకి దిగాలంటే తలకి టోపీ కంపల్సరీ, లేకపోతే దిగనివ్వరు, గేటు దగ్గర అమ్ముతారు గానీ మీ దగ్గర ఉంటే తీసుకెళ్ళండి. హోటళ్ళు రెండు రకాలు, ఊటల పక్కన పెద్ద పెద్ద పాత ఎస్టేట్ ఇళ్ళని హోటళ్ళు చేసినవి, వాటిలో కొన్నింట్లో స్వతంత్ర పోరాటం రోజుల నాటి గదులు కూడా ఉన్నాయి, రేటు ఎక్కువే కానీ తోట, చలి కాచుకునే పొయ్యి, సర్వీసు అన్నీ బావుంటాయి. ఇంకోటి ఊళ్ళో కుటుంబాలు నడిపే చిన్న చిన్నవి. మేం చిన్నదే తీసుకున్నాం, గ్రౌండ్ ఫ్లోర్ రూమ్ కావాలని ముందే మెసేజ్ పెడితే ఉంచారు, పొద్దున్నే బ్రేక్‌ఫాస్ట్‌లో గుడ్డు వద్దంటే ప్రతిరోజూ గుర్తుపెట్టుకుని జున్ను, బ్రెడ్డు, పళ్ళు పెట్టారు. పైపా జున్ను ఆ దేశంలో పేరున్నది, ఊరి పేరు మీద రిజిస్టర్ చేసుకున్న సరుకు, కొంచెం పులుపు కొంచెం ఉప్పు, బాగా పసుపు రంగు, ఇంటికి కూడా తెచ్చుకున్నాం. అక్కడి ఆల్మొహాబనా అనే జున్ను రొట్టె పొద్దున పొయ్యిలోంచి తీసినప్పుడే తినాలి, మధ్యాహ్నానికి గట్టిపడిపోతుంది.

ఇక దారి. ఓపిక, టైము ఉంటే మొదటి రోజు సోచా పెట్టుకోండి. పైపా నుంచి దుయితామా, బెలెన్, పాస్ దె రియో మీదుగా రెండు గంటల పైనే పడుతుంది, చివర్లో మలుపులు ఎక్కువ, కార్లో కడుపు తిప్పేవాళ్ళు టాబ్లెట్ వేసుకోండి. టూరిస్టులు ఎవరూ రారు, హోటళ్ళంటూ పెద్దగా లేవు, మ్యాప్‌లో స్టార్లు చూసి వెళ్ళే ఊరు కాదు. పిస్బా దాటిన సైన్యం జూలై మొదటి వారంలో దిగింది ఇక్కడికే. ఒంటి మీద బట్ట లేకుండా వణుకుతూ దిగిన ఆ మనుషుల్ని చూసి ఊరి పాదిరీ జనాన్ని చర్చికి పిలిచి బట్టలిమ్మని అడిగితే ఆడవాళ్ళు తాము కట్టుకున్న శాలువాలు, లంగాలు, జాకెట్లు విప్పి ఇచ్చారని, సైనికులు ఆడవాళ్ళ బట్టలేసుకునే యుద్ధానికి వెళ్ళారని ఊరంతా చెప్పుకుంటారు. చౌరస్తాలో బెంచీ మీద కూర్చున్న ఒక పెద్దావిడ మావారి ఫోన్లో ట్రాన్స్‌లేటర్‌తో ఇదే కథ మాకు చెప్పింది, తన ఇంట్లో జరిగినట్టు చెప్పింది. నాకైతే ఈ యుద్ధం గెలిచింది ఇక్కడే అనిపించింది. కొండ మీదికి, పిస్బా నేషనల్ పార్కులోకి, మేం వెళ్ళలేదు, అత్తయ్యగారితో ఆ ఎత్తుకి వెళ్ళడం కుదరదు, వెళ్ళాలంటే లోకల్ గైడ్ ఉండాలి, పార్కు ఆఫీసు పర్మిషన్ ముందే చూస్కోవాలి.

రెండో రోజు పంటానో దె వార్గాస్, పైపాకి పది కిలోమీటర్లు కూడా ఉండదు, టాక్సీ మాట్లాడుకుని వెళ్ళిపోవచ్చు. నన్నడిగితే ఈ ట్రిప్ మొత్తంలో తప్పకుండా చూడాల్సింది వంతెన కాదు, ఇది. ఒక పక్క కొండలు, ఒక పక్క అప్పట్లో బురద నేల, మధ్యలో ఇరుకు చోటు, 1819 జూలై 25న బొలీవర్ సైన్యం అక్కడ ఇరుక్కుపోయింది. కొండల మీద స్పెయిన్ వాళ్ళు, వెనక బురద. సాయంత్రం అయ్యేసరికి ఓడిపోయినట్టే ఉంది. అప్పుడు మైదానాల నుంచి వచ్చిన గుర్రపు రౌతుల నాయకుడు రొందోన్‌తో బొలీవర్ "కల్నల్, దేశాన్ని కాపాడు" అన్నాడట, రొందోన్ ముందు పద్నాలుగు మందితో బల్లాలు పట్టుకుని కొండ మీదికి దూసుకెళ్ళాడు, మిగతావాళ్ళు వెనకే వెళ్ళారు, పరిస్థితి తిరగబడింది, తర్వాత పెద్ద వాన వచ్చి యుద్ధం ఆగింది. ఇంగ్లీషు వాలంటీర్ల కమాండర్ జేమ్స్ రూక్‌కి ఇక్కడే చెయ్యి పోయింది, కోసేసిన చేతిని రెండో చేత్తో పైకెత్తి దేశానికి జై కొట్టాడని చెప్తారు, కొద్ది రోజులకే చనిపోయాడు. ఎక్కడో పుట్టి ఈ బురదలో ప్రాణం పెట్టిన మనిషి, ఆయన కోసం కూడా ఓ నిమిషం నిలబడ్డాం.

అక్కడ కట్టిన స్మారకం చూస్తే నోట మాట రాదు. శిల్పి రొద్రీగో అరెనాస్ బెతాంకూర్, యుద్ధానికి 150 ఏళ్ళయిన సందర్భంగా తలపెట్టి 1970లో పూర్తి చేశారు. ఆకాశంలోకి లేచిన పెద్ద కాంక్రీటు దిమ్మె మీద నుంచి పద్నాలుగు కంచు గుర్రాలు, వాటి మీద రౌతులు, ఒకదాని వెనక ఒకటి గాల్లోకి ఎగురుతున్నట్టు, ఎత్తు 33 మీటర్లు. బొమ్మల ఒళ్ళు బక్కచిక్కి, కండలు పీక్కుపోయి, పక్కటెముకలు తేలి ఉంటాయి, రాజుల విగ్రహాల్లాగా నున్నగా ఉండవు, ఆకలితో, చలితో వచ్చిన మనుషులు ఎలా ఉంటారో అలా ఉన్నారు. కింద నుంచి మెట్లున్నాయి, అత్తయ్యగారు ఎక్కలేదు, కింద నుంచే పూర్తిగా కనిపిస్తుంది, ఎక్కకపోయినా నష్టమేం లేదు. పొద్దున తొమ్మిదికి ముందు వెళ్తే ఎవరూ ఉండరు, తర్వాత స్కూలు పిల్లల బస్సులు వస్తాయి, ఆదివారం ఐతే చుట్టూ తిండి బళ్ళు, గుర్రపు స్వారీలు, గాలిపటాలు, తిరునాళ్ళ సందడి. ఆ సందడి కూడా నాకు నచ్చింది, జనం అక్కడ పిల్లల్ని ఆడించుకుంటున్నారు, అంతకంటే ఏం కావాలి. టాయిలెట్లు ఉన్నాయి, చిల్లర తీసుకుంటారు, పేపర్ మీరు పట్టుకెళ్ళండి. తెలియని గైడ్లు వెంటపడరు, కానీ ఇంగ్లీషులో చెప్పేవాళ్ళు దాదాపు లేరు, మాకు పైపా డ్రైవరే గైడ్, స్పానిష్‌లో మెల్లగా చెప్తూ చేతులతో చూపిస్తూ అటు కొండ, ఇటు బురద, ఇక్కణ్ణుంచి రొందోన్ అని మొత్తం అర్థమయ్యేలా చెప్పాడు.

అక్కడి నుంచి టుంహా. ఇక్కడ బొలీవర్ చేసిన పని నాకు వంతెన యుద్ధం కంటే గొప్పగా అనిపిస్తుంది. పంటానో తర్వాత రెండు సైన్యాలూ దెబ్బతిని ఎదురెదురుగా కూర్చున్నాయి, బొలీవర్ చుట్టుపక్కల ఊళ్ళ మగవాళ్ళని సైన్యంలో చేరమని ఆర్డర్ వేసి మనుషుల్ని కూడగట్టుకున్నాడు. ఆగస్టు 4 సాయంత్రం వెనక్కి పోతున్నట్టు కనిపించి, చీకటి పడ్డాక దిక్కు మార్చి, తోకా అనే ఊరి దారిలో రాత్రంతా నడిపించి 5న పట్టపగలు టుంహాలో దిగాడు. అంటే స్పెయిన్ కమాండర్ బరెయిరోకి, బొగోటాకి మధ్యలో వచ్చి కూర్చున్నాడన్నమాట. వెనకాల ఉన్న శత్రువు పొద్దున లేచేసరికి ముందుకొచ్చేశాడు. ఇంక బరెయిరోకి మిగిలింది ఎలాగోలా బొగోటా చేరడం, అందుకు దారిలో తెయాతీనోస్ అనే వాగు దాటాలి, దాటాలంటే వంతెన. మ్యాప్ ముందు పెట్టుకుని పైపా, టుంహా, వంతెన మూడు చుక్కలు పెట్టి చూడండి, మొత్తం తెలిసిపోతుంది, అందుకే బొగోటా నుంచి వచ్చి అటే వెళ్ళిపోయేవాళ్ళకి ఇది తెలియదు.

టుంహాలో చూడాల్సినవాటిలో మొదట బోస్కె దె లా రిపుబ్లికా పార్కులో ఉన్న అమరుల గోడ చెప్తాను. 1816లో మొరీయో మనుషులు స్వతంత్రం కోరినవాళ్ళని నిలబెట్టి కాల్చిన మట్టి గోడ, తూటాల గుర్తులు ఇప్పటికీ ఉన్నాయి, అద్దం పెట్టి కాపాడుతున్నారు. జనం తక్కువ, సాయంత్రం చీకటి పడ్డాక మాత్రం వెళ్ళకండి, ఆ వైపు ఖాళీగా ఉంటుందని హోటల్ వాళ్ళే చెప్పారు. శాంతో దొమింగో చర్చిలో రొజారియో గుడి లోపల ఎర్ర రంగు మీద బంగారు చెక్కడం, అరగంట కూర్చోవచ్చు. హువాన్ దె వార్గాస్ అనే పాతకాలం నోటరీ ఇంట్లో పైకప్పు మీద ఖడ్గమృగం బొమ్మ ఉంది, ఆ బొమ్మకి మూలం జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ గీసిన ఖడ్గమృగం, అది 1515లో గుజరాత్ సుల్తాన్ దగ్గర్నుంచి పోర్చుగల్ వెళ్ళిన జంతువు. మన దేశం జంతువు బొమ్మ ఆండీస్ కొండల్లో ఒక నోటరీ ఇంటి కప్పు మీద, మావారు మెడ నొప్పెట్టేదాకా చూస్తూనే ఉన్నారు. టికెట్ తక్కువే, మధ్యాహ్నం లంచ్‌కి మూసేస్తారు, సోమవారం వెళ్తే తీసి ఉందో లేదో ముందే కనుక్కోండి.

చివరికి వంతెన. టుంహా నుంచి బొగోటా హైవే మీద ఇరవై నిమిషాలు, బొగోటా వెళ్ళే బస్సెక్కి "పుయెంతె దె బొయాకా" అని చెప్తే రోడ్డు పక్కనే దింపేస్తారు, ఎంట్రీ టికెట్ లేదు. తిరిగి బస్సెక్కేటప్పుడు హైవే పక్కన చెయ్యెత్తి ఆపాలి, పెద్దవాళ్ళుంటే అది వద్దు, కారు మాట్లాడుకోవడమే మంచిది, లారీలు చాలా స్పీడుగా పోతాయి. ఇప్పుడున్న వంతెన అప్పటిది కాదు, తర్వాత కట్టింది, తెల్ల సున్నం వేసి ముచ్చటగా ఉంటుంది, కింద వాగు సన్నగా పారుతుంటుంది. ఆ పెద్ద పచ్చిక మైదానంలో స్మారకాలు విడివిడిగా ఉన్నాయి, ఒక స్తంభం, ఒక ఆర్చి, ఆరని దీపం, సంతాందేర్ విగ్రహం, గుట్ట మీద బొలీవర్ పెద్ద విగ్రహం. ఆ విగ్రహం జర్మన్ శిల్పి ఫెర్డినాండ్ ఫాన్ మిల్లర్ చేసింది, బొలీవర్ పోరాటంతో స్వతంత్రం వచ్చిన ఐదు దేశాలు ఐదుగురు స్త్రీలుగా ఆయన్ని మోస్తుంటాయి, వెనెజుయెలా, కొలంబియా, ఎక్వడోర్, పెరూ, బొలీవియా. మొత్తం తిరగాలంటే బాగా నడవాలి, నీడ తక్కువ, వాన వస్తే దాక్కోడానికి చోట్లు తక్కువ, గొడుగు, నీళ్ళు, టోపీ పట్టుకెళ్ళండి.

యుద్ధం ఎలా జరిగిందో నేలని చూస్తే తెలుస్తుంది. రెండు వైపులా దాదాపు సమానంగా, రెండున్నర మూడు వేల లోపు మనుషులు. స్పెయిన్ ముందు దళం వంతెన దగ్గర, పెద్ద దళం వెనక చాలా దూరంలో. ముందు దళం వాళ్ళు పెంకుటింటి దగ్గర తిండి తినడానికి ఆగారు, కొండ మీద కనపడిన మనుషుల్ని చూసి ఏదో చిన్న గస్తీ దళం అనుకున్నారు. సంతాందేర్ వంతెన వైపు పడి ముందు దళాన్ని విడగొట్టాడు, బొలీవర్ ఇంకో జనరల్ అన్సోఆతెగీ వెనక దళం మీద పడ్డాడు, ఒకరి దగ్గరికి ఒకరు పోలేకపోయారు, రెండు గంటల్లో అయిపోయింది. బొలీవర్ వైపు చనిపోయింది 13 మంది, అవతల వంద మందికి పైగా, పట్టుబడ్డది దాదాపు 1,600 మంది.

బరెయిరోని పట్టుకున్నది పన్నెండేళ్ళ పిల్లాడు. పెద్రో పస్కాసియో మార్తీనెస్, బెలెన్ ఊరివాడు, బొలీవర్ గుర్రాల్ని చూసుకునేవాడు. రాళ్ళ మధ్య దాక్కున్న బరెయిరో తనని వదిలెయ్యమని బంగారు నాణేల సంచి ఇవ్వబోతే తీసుకోకుండా, హోసే అనే ఇంకో సైనికుడితో కలిసి బల్లెం చూపించి తోలుకొచ్చి బొలీవర్ ముందు నిలబెట్టాడు. ఆ రాళ్ళ చోటు బరెయిరో రాయి పేరుతో ఇప్పటికీ చూపిస్తారు, టూర్ బస్సుల వాళ్ళు అక్కడిదాకా తీసుకెళ్ళరు, అడిగి వెళ్ళండి. సోచా వెళ్ళే దారిలో బెలెన్ దాటుతారు కాబట్టి ఆ పిల్లాడి ఊరు కూడా చూసినట్టవుతుంది. ఆ గెలుపు తర్వాతి సంగతులు కూడా దాచకూడదు, ఆ వెంటనే బొలీవర్ ఖైదీల్లో 1812లో తనకి ద్రోహం చేసిన వినోనీని గుర్తుపట్టి ఉరి తీయించాడు, అక్టోబర్ 11న సంతాందేర్ బొగోటాలో బరెయిరోతో పాటు 38 మంది ఆఫీసర్లని కాల్చి చంపించాడు. బరెయిరోకి అప్పటికి ముప్ఫై ఏళ్ళు కూడా లేవు. లొంగిపోయినవాళ్ళని చంపడం నాకు మింగుడు పడలేదు, అక్కడ బోర్డుల మీద దీని గురించి ఎక్కువ కనపడదు, ఉండాలి అంటాను. స్పెయిన్ వైస్రాయ్ సామనో మాత్రం కబురు తెలియగానే ఖజానా కూడా వదిలేసి మారువేషంలో ఆగస్టు 9న బొగోటా నుంచి పారిపోయాడు, 10న బొలీవర్ ఊళ్ళోకి వచ్చాడు.

తిండి గురించి, బొయాకా వాళ్ళది దుంపలు, మొక్కజొన్న, పాలు, జున్ను తిండి, కాబట్టి శాకాహారులకి దొరకదని కాదు, కానీ సూపులన్నీ ఎముకలతోనే చేస్తారు. "సిన్ కార్నె" అంటే మాంసం లేకుండా అని, అలా చెప్తే చికెన్ వేసి తెస్తారు, "సిన్ పోయో, సిన్ కాల్దో దె కార్నె" అని కోడి వద్దు, మాంసం నీళ్ళు వద్దు అని విడివిడిగా చెప్పాలి. అత్తయ్యగారు ఎక్కువగా బతికింది అరేపా బొయసెన్సె మీద, మొక్కజొన్న పిండి రొట్టె, కొంచెం తియ్యగా, లోపల జున్ను, వంతెన దగ్గర వెంతకెమాదా వైపు రోడ్డు పక్కన పెనం మీద కాల్చి ఇచ్చేవి అన్నింటికన్నా బావున్నాయి. చిన్న పసుపు బంగాళాదుంపలు ఉప్పేసి వేయించి ఇస్తారు, మన ఆవకాయతో తింటే ఇంకేం అక్కర్లేదు, చిన్న సీసా పట్టుకెళ్ళండి, బాగా సీలు వేసి.

రవాణాలో బొగోటా నుంచి టుంహాకి బస్సులు రోజంతా ఉంటాయి, రెండున్నర మూడు గంటలు, సీట్లు బావుంటాయి, శుక్రవారం సాయంత్రం, లాంగ్ వీకెండ్ మాత్రం బొగోటా దాటడానికే గంటలు పడుతుంది. టుంహా నుంచి పైపాకి చిన్న బస్సులు నిమిషాల్లో దొరుకుతాయి. బొగోటాలో ఒక ఏజెన్సీ వాళ్ళని ప్రైవేట్ కారు అడిగితే పంటానో కూడా కలుపుతామని డబ్బు తీసుకుని, దారిలో టైము లేదని దాటించేయబోయారు, మావారు గట్టిగా మాట్లాడాక సగం తిరిగిచ్చారు. పైపాలో హోటల్ వాళ్ళు చెప్పిన లోకల్ డ్రైవర్ అంతకంటే తక్కువకి రోజంతా తిప్పాడు, అడిగిన చోట ఆపాడు. చిన్న ఊళ్ళలో కార్డు తీసుకోరు, పైపా లేదా దుయితామా ఏటీఎంలోనే డబ్బు తీసుకోండి. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా వాన తక్కువ, డిసెంబర్‌లో వంతెన మైదానమంతా లైట్లు పెడతారు, రాత్రి అందంగా ఉంటుంది కానీ జనం విపరీతం. ఆగస్టు 7న సర్కారీ ఉత్సవం, సైనిక కవాతు, ఆ రోజు వెళ్తే సెక్యూరిటీ, రోడ్డు మూసివేతలు ఉంటాయి, ఒక రోజు ముందో వెనకో పెట్టుకుంటే ప్రశాంతంగా చూడొచ్చు.

ఒకే ఒక్క రోజు ఉన్నవాళ్ళు అడుగుతారని తెలుసు. బొగోటాలో తెల్లారకముందే బయల్దేరి వంతెన దగ్గర ఆగకుండా నేరుగా పంటానో దె వార్గాస్ వెళ్ళిపోండి, అక్కడ పొద్దున గడిపి పైపాలో తిని, టుంహాలో ఆ గోడ చూసి, మధ్యాహ్నం రెండింటికల్లా వంతెన దగ్గరికి రండి, యుద్ధం మొదలైంది కూడా ఆ వేళకే, నాలుగు దాకా ఉండి చీకటి పడేలోపు బొగోటా దారి పట్టొచ్చు. విల్లా దె లేవాని ఇందులో కలపకండి, కలిపితే రెండూ చెడతాయి.